నోటిమాట చరిత్ర – 5: గొంతులోకి దిగిన అద్దం

పోయిన భాగంలో నాలుక దగ్గర ఆగాం. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అంటూ నోటి లోపలి నుంచి పెదవుల దాకా అక్షరాలను వరసపెట్టిన తీరు చూశాం. అది ఎంతో కొంత కంటికీ నాలుకకూ తెలిసే వ్యవహారమే. అద్దం ముందు నిలబడి త, ట, ప అనుకుంటే చదువురానివారు కూడా సగం సంగతి పట్టేస్తారు. ఈసారి కంటికి అందని చోటికి దిగుదాం.

ప, బ. రెండూ ఒకదాని తర్వాత ఒకటి పలికి చూడండి. పెదవులు రెండింటికీ ఒకేలా కలుస్తాయి, ఒకేలా విడిపోతాయి. ముక్కుదారి రెండింటికీ మూసే ఉంటుంది. నాలుకకు పనే లేదు. మరి తేడా ఎక్కడిది? క–గ, చ–జ, ట–డ, త–ద, ఏ జంటను తీసుకున్నా ఇదే ప్రశ్న. ఇప్పుడు రెండు వేళ్లు గొంతు ముందుభాగాన, కంఠమణి మీద ఆనించి ‘స్‌స్‌స్’ అని సాగదీయండి. గాలి పోతున్న చప్పుడు తప్ప వేళ్లకు ఏమీ తెలియదు. వేళ్లు తీయకుండా ‘మ్‌మ్‌మ్’ అనండి. కింద జివ్వుమంటుంది. సకారానికి ఆ జివ్వు కలిపితే ఇంగ్లీషువాళ్లు ‘జూ’ అనేటప్పుడు పలికే జ వస్తుంది.

ఈ జివ్వు ఏమిటో, ఎక్కడ పుడుతుందో, అది ఉండటానికీ లేకపోవడానికీ నడుమ ఇంకేమైనా ఉందో తేల్చడానికి మనుషులకు రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. ఆ కథలో వేదపాఠాలు చెప్పిన గురువులున్నారు. చదరంగం పేరుతో రాజులను బురిడీ కొట్టించిన ఒక ఉద్యోగి ఉన్నాడు. ఒక సంగీతం మాస్టారు, ఒక మొండి ప్రొఫెసరు కూడా ఉన్నారు.

వేదశాఖలకు ప్రాతిశాఖ్యాలని ఉచ్చారణ గ్రంథాలు ఉన్నాయి. ఋగ్వేదానికి ఒకటి, శుక్ల యజుర్వేదానికి ఒకటి, అథర్వానికి ఒకటి, కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ శాఖకు ఒకటి. క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందటి రచనలని పండితుల అంచనా. వీటిలో తైత్తిరీయ ప్రాతిశాఖ్యం మనకు దగ్గరి చుట్టం. తెలుగునాట వేదం చెప్పుకున్న కుటుంబాల్లో ఎక్కువమందిది ఆ శాఖే. గృహప్రవేశానికో ఉపనయనానికో పిలిచిన ఘనపాఠి గారి నోట మనం వినేది చాలావరకు ఆ పాఠమే. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి మొదలవగానే ఉచ్చారణ శాస్త్రంలో ఏమేమి నేర్చుకోవాలో పట్టీ ఉంటుంది: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం. సిలబస్‌ను మంత్రంలో పెట్టి కంఠస్థం చేయించిన సంప్రదాయమన్నమాట.

ఆ ప్రాతిశాఖ్యం రెండో అధ్యాయంలో గొంతు ప్రస్తావన వస్తుంది. చిన్న చిన్న సూత్రాలు, ఒక్కొక్కటి కొద్ది మాటలే. సారాంశం నా మాటల్లో చెబుతాను. కంఠం మూతపడిన స్థితిలో ఉంటే లోపలి గాలి నాదంగా మారుతుంది. విప్పారి ఉంటే అది ఉత్త శ్వాసగానే పైకి వస్తుంది. అటూ ఇటూ కాకుండా మధ్యస్థంగా ఉంటే హకారం పుడుతుంది. ఇక ఏ అక్షరానికి ఏది ముడిసరుకు? అచ్చులకూ గ, జ, డ, ద, బల వంటి ఘోషాలకూ నాదం. క, చ, ట, త, పలకూ వాటి ఒత్తక్షరాలకూ, శ, ష, సలకూ శ్వాస. మూడోదైన హకారపు సరుకు హకారానికీ, వర్గాల్లో నాలుగో అక్షరాలైన ఘ, ఝ, ఢ, ధ, భలకూ. ఋగ్వేద ప్రాతిశాఖ్యం కూడా దాదాపు ఇదే దారిలో పోయి, ఈ నాలుగో అక్షరాల్లో శ్వాస, నాదం రెండూ కలిసి ఉంటాయంటుంది.

ఈ మూడో స్థితిని గుర్తుపెట్టుకోండి. అసలు తగాదా అక్కడే వస్తుంది.

వీళ్ల దగ్గర పనిముట్లు ఏమీ లేవు. చెవి ఉంది, తమ గొంతు ఉంది, తప్పు పలికిన శిష్యుణ్ణి వందసార్లు దిద్దే ఓపిక ఉంది. అన్నిటికీ మించి అవసరం ఉంది. పాఠం అంతా నోటి మీద నడుస్తున్నప్పుడు ఒక తరంలో ‘ధ’ కాస్తా ‘ద’ అయితే పై తరానికి సరిచేసుకోవడానికి పుస్తకం ఉండదు. పాణినీయ శిక్ష అనే ఉచ్చారణ గ్రంథం అధమ పాఠకుల జాబితా ఒకటి ఇస్తుంది. రాగాలు తీసేవాడు, గబగబా చదివేవాడు, తల ఊపేవాడు వగైరాలతో పాటు రాసిపెట్టుకున్నది చూసి చదివేవాడు కూడా అందులో ఉన్నాడు. అక్షరాన్ని కాక ధ్వనిని నమ్మిన సమాజం అది. ధ్వనిని ఎలా పుట్టించాలో చెప్పడం ఆ సమాజానికి విధి అయింది.

యూరప్‌లో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ చదువంతా రాసిన అక్షరం చుట్టూ తిరిగింది. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం చివర డయొనిసియస్ థ్రాక్స్ అనే గ్రీకు వ్యాకర్త క, త, ప ధ్వనులను నున్నవని, వాటి ఒత్తు రూపాలను గరుకువని పిలిచాడు. గ, ద, బలు ఆ రెంటికీ మధ్యస్థమన్నాడు. ఎందులో మధ్యస్థం? గొంతు ప్రసక్తి లేదు. చెవికి తోచిన పోలిక అంతే. ఆ పేర్లు లాటిన్‌లోకి దిగి పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల దాకా చెలామణి అయ్యాయి. జర్మన్ భాషల్లో హల్లులు ఎలా మారాయో సూత్రీకరించి 1822లో పెద్ద పేరు తెచ్చుకున్న యాకబ్ గ్రిమ్ కూడా వాటినే వాడాడు. తన వ్యాకరణంలో ధ్వనుల ప్రకరణానికి ‘అక్షరాల గురించి’ అని శీర్షిక పెట్టాడు. ‘ద’ ‘త’గా మారిందన్నప్పుడు గొంతులో ఏం మారిందన్నది ఆయనకు ప్రశ్నే కాలేదు.

మధ్యలో ఎవరూ అసలు కనిపెట్టలేదనడం అన్యాయమవుతుంది. ఎనిమిదో శతాబ్దంలో బస్రాలో పని చేసిన సీబవైహి అరబ్బీ హల్లులను ఇంచుమించు ఈ తేడా మీదనే రెండు గుంపులు చేశాడు. ఇంగ్లండులో విలియం హోల్డర్ అనే మతాధికారి అలెగ్జాండర్ పోపం అనే చెవిటి కుర్రవాడికి మాటలు నేర్పుతూ, 1669లో అచ్చువేసిన పుస్తకంలో శ్వాసకూ నాదానికీ తేడాను చాలా చక్కగా చెప్పాడు. వినిపించని పిల్లవాడికి నేర్పాలంటే గొంతు మీద చెయ్యి పెట్టించక తప్పదు కదా. అయితే ఆ కుర్రవాడికి మాటలు నేర్పిన ఘనత నాదంటే నాదని హోల్డర్‌కూ జాన్ వాలిస్ అనే గణిత పండితుడికీ జరిగిన తగాదానే లోకానికి గుర్తుండిపోయింది. సిద్ధాంతం అటకెక్కింది.

1741లో పారిస్‌లో ఆంత్వాన్ ఫెర్రాఁ అనే శరీరశాస్త్రవేత్త ఇంకో దారి పట్టాడు. చచ్చిన కుక్కల గొంతులు, మనుషుల శవాల గొంతులు కోసి తీసి కింది నుంచి గాలి ఊదాడు. అవి పలికాయి! లోపల ఉన్న రెండు పొరల అంచులు వయొలిన్ తీగల్లా, గాలి కమానులా పనిచేస్తున్నాయని ఆయన ఊహ. అందుకే వాటికి తంత్రులని పేరు పెట్టాడు. నిజానికి అవి తీగలు కావు, కండరం మీద కప్పిన మెత్తటి మడతలు. పేరు మాత్రం నిలిచిపోయింది. మన పాఠ్యపుస్తకాల్లోని స్వరతంత్రులు కూడా ఆయన పెట్టిన పేరుకు వారసులే.

ఇక చదరంగం మనిషి. వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ 1734లో ప్రెస్‌బర్గ్‌లో (నేటి బ్రటిస్లావా) పుట్టాడు. ఆస్ట్రియా సామ్రాజ్య కొలువులో అధికారి. 1770లో మహారాణి మరియా తెరీసా ఎదుట తలపాగా చుట్టిన ఒక బొమ్మను కూర్చోబెట్టి, అది తనంతట తాను చదరంగం ఆడుతుందన్నాడు. ఆడింది, గెలిచింది కూడా. బొమ్మ ముందున్న పెట్టెలో ఒక మనిషి ముడుచుకుని కూర్చుని ఎత్తులు వేసేవాడని తర్వాత తెలిసింది. యూరప్ అంతా ఈ ‘తురుష్కుడి’ కోసం ఎగబడింది. అదే మనిషి, అదే కాలంలో, ఇరవై ఏళ్లు పట్టుబట్టి తయారుచేసిన మరో యంత్రంలో మోసమేమీ లేదు. అది నిజంగానే మాట్లాడేది.

ఊపిరితిత్తులకు బదులు తిత్తి. గొంతుకు బదులు హార్మోనియం రీడులాంటి పలుచని దంతపు రేకు. నోటికి బదులు మెత్తటి గరాటు. ముక్కుకు రెండు చిన్న గొట్టాలు. స, ష వంటి బుసబుస ధ్వనులకు విడిగా మీటలు. కుడి మోచేతి కింద తిత్తి నొక్కుతూ, ఆ చేతి వేళ్లతోనే మీటలూ ముక్కు రంధ్రాలూ నడుపుతూ, ఎడమ అరచేతిని గరాటు మీద ఆడిస్తే అచ్చులు వచ్చేవి. ముక్కు గొట్టాలు మూసి అరచెయ్యి చటుక్కున తీస్తే ‘పాపా’. గొట్టాలు తెరిచి ఉంచితే ‘మామా’. చిన్నపిల్లల గొంతుతో ఒకే శ్రుతిలో లాటిన్, ఫ్రెంచి, ఇటాలియన్ మాటలు చెప్పేది. త, ద, క, గలు దానికి సరిగా పలికేవి కావు, ఎందుకంటే లోపల నాలుక లేదు. పసిపిల్లల గొంతు కాబట్టి జనం తప్పులు మన్నించేస్తారని కెంపెలెన్‌కు తెలుసు.

1791లో వియన్నాలో వెలువరించిన పుస్తకంలో ఈ యంత్రం ఎలా చేయాలో దాచకుండా రాశాడు, ఇష్టమున్నవాళ్లు మెరుగుపరచుకోండని. ఆ పుస్తకంలోని అసలు విలువైన సంగతి ఇది: నాదం పుట్టేది ఒక చోట, దానికి అక్షర రూపం వచ్చేది ఇంకో చోట. రీడు ఎప్పుడూ ఒకే జివ్వు చేస్తుంది. దాన్ని ఆ, ఈ, ఊ చేసేది పైనున్న ఖాళీ ఆకారం. నేటి ధ్వనిశాస్త్రం మొత్తం ఈ విభజన మీదే నిలబడి ఉంది. కానీ చదరంగం బొమ్మ చేసినవాడు మాట్లాడే యంత్రం చేశానంటే నమ్మేదెవరు? ఇందులోనూ ఎవడో దాక్కుని ఉంటాడనుకున్నవాళ్లే ఎక్కువ. ఒక అబద్ధం పేరు తెచ్చిపెట్టి, ఆ పేరే నిజాన్ని మింగేసింది. నన్నడిగితే మాటల చరిత్రలో ఇంతకంటే పెద్ద స్వయంకృతాపరాధం ఇంకొకటి లేదు.

శవాల గొంతు ఊదారు, దంతపు రేకుతో గొంతు చేశారు. బతికి ఉండి పాడుతున్న మనిషి గొంతులో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చూడలేదు. చూసినవాడు వైద్యుడు కాదు, పాటల మాస్టారు.

మాన్యుయెల్ గార్సియాది స్పెయిన్ నుంచి వచ్చిన ఒపెరా కుటుంబం. తండ్రి పేరున్న గాయకుడు. చెల్లెళ్లు మరియా మాలిబ్రాన్, పాలీన్ వియార్దోలు యూరప్‌ను ఊపేసిన గాయనులు. ఈయన గొంతు మాత్రం చిన్న వయసులోనే అలసిపోయింది. రంగస్థలం వదిలేసి పాఠాలు చెప్పుకుంటూ, గొంతు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న పట్టుదలతో పారిస్‌లో సైనిక ఆసుపత్రుల చుట్టూ తిరిగాడు. 1848లో లండన్ చేరి రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో గురువయ్యాడు. గొంతు పాడై తన దగ్గరికి వచ్చిన స్వీడన్ గాయని జెన్నీ లిండ్‌ను అంతకు ముందే పారిస్‌లో మళ్లీ దారిలో పెట్టాడు.

1854లో సెలవులకు పారిస్ వెళ్లినప్పుడు పాలే రాయల్ తోటలో తిరుగుతూంటే కిటికీ అద్దాల మీద ఎండ తళుక్కుమంది. ఎండను అద్దంతో గొంతులోకి మళ్లిస్తే? నేరుగా శస్త్రచికిత్స పరికరాలు అమ్మే షారియేర్ దుకాణానికి పోయాడు. పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం ఏదైనా ఉందా అని అడిగాడు. పళ్ల డాక్టర్ల కోసం చేసినది, ఎవరూ కొనక పడి ఉన్నది ఒకటి దొరికింది. ఆరు ఫ్రాంకులు. ఇంటికి వచ్చి దాన్ని వేడినీళ్లలో ముంచి (లేకపోతే ఊపిరికి మసకేస్తుంది), తుడిచి, కొండనాలుకకు ఆనించి పెట్టాడు. ఇంకో చేత్తో పట్టుకున్న అద్దంతో సూర్యకాంతిని దాని మీదికి తిప్పాడు. మామూలు మనిషికైతే వాంతి వచ్చేది. ఈయన గొంతు ఓర్చుకుంది. ఎదురుగా తన స్వరపేటిక నోరు తెరుచుకుని కనిపించింది.

ఏం చూశాడు? ఊపిరి పీల్చినప్పుడు రెండు మడతలూ దూరం జరిగి మధ్యలో త్రికోణంలా ఖాళీ ఏర్పడింది. స్వరం ఎత్తగానే అవి దగ్గరికి వచ్చి, అంచులు తగులుతూ వణికాయి. పై స్థాయికి పోతూంటే బిగుసుకున్నాయి. 1855లో లండన్ రాయల్ సొసైటీ ముందుకు ఈ పరిశీలనలు వెళ్లాయి. వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. మూడేళ్లు తిరిగేసరికి ట్యుర్క్, చెర్మాక్ అనే ఇద్దరు డాక్టర్లు అదే అద్దాన్ని గొంతు జబ్బులకు వాడి, ముందు నేనంటే నేనని పత్రికల్లో కీచులాడుకున్నారు. గార్సియా ఆ గొడవలో తలదూర్చకుండా పాఠాలు చెప్పుకున్నాడు. ఆయన 1906 దాకా, నూటొక్క ఏళ్లు బతికాడు. నూరో పుట్టినరోజుకు పలు దేశాల గొంతు వైద్యులు లండన్‌లో ఆయనను సత్కరించారు. నేడు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర మనం ‘ఆ’ అన్నప్పుడు లోపలికి వెళ్లే పరికరాలన్నిటికీ ఆ ఆరు ఫ్రాంకుల అద్దమే ఆది.

కంఠం మూస్తే నాదం, తెరిస్తే శ్వాస. తైత్తిరీయులు చెప్పిన మొదటి రెండు ముక్కలకూ గార్సియా అద్దం సాక్ష్యం చెప్పేసింది. యాదృచ్ఛికమే అయినా విచిత్రం ఏమిటంటే, ఆ మరుసటి ఏడే, 1856లో, మాక్స్ ముల్లర్ ఋగ్వేద ప్రాతిశాఖ్యాన్ని జర్మన్ అనువాదంతో లైప్‌జిగ్‌లో అచ్చువేయడం మొదలుపెట్టాడు. యూరప్ ఒక చేత్తో గొంతులోకి అద్దం దింపుతూ ఇంకో చేత్తో ఆ గొంతు గురించి రాసిన పాత పుస్తకం తెరిచింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే పని మాత్రం వెంటనే జరగలేదు.

ఇక్కడ విలియం డ్వైట్ విట్నీ రంగప్రవేశం. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో 1854 నుంచి సంస్కృత ఆచార్యుడు. బెర్లిన్‌లో వెబర్ దగ్గర, ట్యూబింగెన్‌లో రోట్ దగ్గర చదువుకున్నాడు. మహా శ్రమజీవి, అంతే మహా అనుమానం మనిషి. 1862లో అథర్వ ప్రాతిశాఖ్యం, 1871లో తైత్తిరీయ ప్రాతిశాఖ్యం, దానిపై త్రిభాష్యరత్నం అనే వ్యాఖ్యతో సహా పరిష్కరించి అచ్చువేశాడు. భారతదేశంలో ఎన్నడూ అడుగుపెట్టలేదు. చేతిలో ఉన్నవి రాతప్రతులు.

మూసిన గొంతు, తెరిచిన గొంతు దాకా విట్నీకి పేచీ లేదు. మూడో సూత్రం దగ్గర ఆగిపోయాడు. శ్వాసకూ నాదానికీ మధ్య ఇంకో ఉచ్చారణ ఏదీ తనకు తెలియదని, ఈ వర్ణన నుంచి స్పష్టమైన భావమేదీ తనకు అందలేదని టిప్పణిలో నిర్మొహమాటంగా రాశాడు. ఆయన కోణం నుంచి చూస్తే అందులో తర్కం ఉంది. తంత్రులు వణికితే నాదం, వణకకపోతే శ్వాస. సగం వణకడమేమిటి? పైగా ఆయన మాతృభాషలో ‘హ’ అంటే ఉత్త గాలి. ‘హ్యాట్’ అన్నప్పుడు మొదటి ధ్వనికి గొంతు మీద వేలు పెడితే ఏమీ తెలియదు. హకారాన్ని ఘోషాల్లో కలపడం ఆయనకు పండితుల చాదస్తంగా కనిపించింది.

మన హకారం అలాంటిది కాదు. ‘సహాయం’, ‘మహా’, ‘అహం’ అని వేలు ఆనించి పలకండి. అచ్చు నుంచి అచ్చుకు పోయేలోగా జివ్వు ఎక్కడా తెగదు. పలచబడుతుంది, గాలి ఎక్కువగా పోతుంది, అంతే. ఆ మాటకొస్తే ఇంగ్లీషువాళ్లు కూడా ‘బిహైండ్’, ‘అహెడ్’ వంటి మాటల్లో అచ్చుల నడుమ హకారాన్ని తరచూ ఇలాగే పలుకుతారని ఆ తర్వాతి తరం ధ్వనిశాస్త్రజ్ఞులు గమనించారు. విట్నీ రోజూ తన చుట్టూ వినిపిస్తున్నదాన్నే లేదన్నాడు!

ఆయనను వెక్కిరించడం తేలిక. పుస్తకం దొరకని కాలంలో దాన్ని సూత్రం సూత్రంగా విడదీసి, వ్యాఖ్యతో పోల్చి, తనకు అర్థం కానిచోట అర్థం కాలేదని దాచకుండా రాసిన పరిష్కర్త ఆయన. అర్థం కాకపోయినా సూత్రాన్ని దిద్దలేదు, ఉన్నది ఉన్నట్టు అచ్చు వేశాడు. ఆ నిజాయితీ వల్లనే తర్వాతివాళ్లు ఆయన తీర్పును తిరగరాయగలిగారు.

తిరగరాసినవాడు డబ్ల్యు. సిడ్నీ ఆలెన్. లండన్‌లో జె.ఆర్. ఫర్త్ బడిలో తయారైనవాడు. ఫర్త్ 1920లలో లాహోర్‌లో ఇంగ్లీషు ఆచార్యుడిగా పనిచేసి వచ్చాడు. విలియం జోన్స్ పరిచయం చేసిన భారతీయ వ్యాకర్తలూ శిక్షాకారులూ లేకపోతే పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు ధ్వనిశాస్త్రాన్ని ఊహించడమే కష్టమని 1946లోనే రాశాడు. ఆలెన్ 1953లో ‘ఫొనెటిక్స్ ఇన్ ఏన్షెంట్ ఇండియా’ ప్రచురించాడు. చిన్న పుస్తకమే. ప్రాతిశాఖ్యాలనూ శిక్షలనూ అంశాలవారీగా విడదీసి, ఒక్కో మాటకూ నేటి ధ్వనిశాస్త్రం ఏమంటుందో పక్కన పెట్టాడు. హకారం దగ్గర పాతవాళ్లదే ఒప్పు, విట్నీదే పొరపాటని తేల్చాడు.

అయినా అప్పటికి అది చెవి సాక్ష్యమే. కొలత సాక్ష్యం ఇంకా రావలసి ఉంది. 1964లో అమెరికాలో లీ లిస్కర్, ఆర్థర్ ఏబ్రమ్‌సన్ అనే ఇద్దరు పదకొండు భాషల స్పర్శాలను (ప, బ, త, ద వంటి హల్లులను) కొలిచారు. పెదవో నాలుకో విడిపోయిన క్షణానికీ గొంతు వణకడం మొదలైన క్షణానికీ ఎడం ఎంత? ఆ ఒక్క కొలతతో బ, ప, ఫలు చక్కగా విడిపోయాయి. తమిళం, హిందీ, మరాఠీ కూడా ఆ పదకొండింటిలో ఉన్నాయి. హిందీ, మరాఠీల్లోని ‘భ’ దగ్గర లెక్క తప్పింది. ఆ కొలత ప్రకారం ‘బ’కూ ‘భ’కూ తేడా తేలలేదు. రెంటిలోనూ గొంతు ముందునుంచే వణుకుతోంది. చెవికి అంత స్పష్టమైన తేడా కాలపు కొలతలో దొరకలేదు. మరి అది ఉన్నదెక్కడ?

జవాబు ముక్కులోంచి దిగింది. 1968లో టోక్యోలో సవషిమ, హిరోసె అనే వైద్య పరిశోధకులు సన్నని గాజుపోగుల గొట్టాన్ని ముక్కు ద్వారా గొంతు పైదాకా దించి, మనిషి మామూలుగా మాట్లాడుతూండగానే ఫొటోలు తీసే పద్ధతి తెచ్చారు. గార్సియా అద్దం నోట్లో ఉంటే పాడగలం గాని ‘ప’ అనలేం, నోరు మూయాలి కదా. కొత్త గొట్టానికి ఆ ఇబ్బంది లేదు. 1975లో కగయ, హిరోసెలు హిందీ స్పర్శాలను ఇలా చూశారు. 1980లో బెంగెరెల్, భాటియాలు మళ్లీ చూశారు. ‘బ’కు మడతలు దగ్గరగా ఉన్నాయి. ‘ఫ’కు బాగా విడిపోయాయి. ‘భ’కు కొంత విడివడి, వణుకుతూనే ఉన్నాయి. మూతా కాదు, తెరుపూ కాదు. నాలుగో అక్షరాలకు మధ్యస్థ కంఠమే సరుకన్న పాత సూత్రానికి ఫొటో దొరికింది.

కాబట్టి అంతా మనవాళ్లకు ముందే తెలుసా? అలాంటి సందేశాలు ఫోన్లలో రోజూ తిరుగుతూంటాయి. తెలిసింది ఎంతో, తెలియనిది ఎంతో విడిగా చెప్పుకోవడమే వాళ్లకు మర్యాద. ప్రాతిశాఖ్యాలు కంఠం మూత, తెరుపు గురించి చెప్పాయి. స్వరతంత్రులనే మడతలను వర్ణించలేదు, వాటి కంపనమే నాదమని చెప్పలేదు. అవి ఎందుకు వణుకుతాయన్నది 1950ల దాకా పోట్లాటే. ఒక్కో వణుకుకూ మెదడు నుంచి ఒక్కో నాడీ సంకేతం వస్తుందని పారిస్‌లో రౌల్ హుస్సాఁ 1950లో వాదించాడు. కాదు, మడతల సాగే గుణం, వాటి నడుమ దూసుకుపోయే గాలి చాలునని నెదర్లాండ్స్‌కు చెందిన ఫాన్ డెన్ బెర్గ్ 1958లో నిలబెట్టాడు. ఇవన్నీ చెవితో అందే సంగతులు కావు. చెవితో, ఒంటి ఎరుకతో అందగలిగిన హద్దు ఎంతో, ప్రాతిశాఖ్యకారులు సరిగ్గా ఆ చివరి దాకా వెళ్లారు. అది చాలా పెద్ద మాట. దానికి మించి అంటగడితే అబద్ధం.

ఇంకో బాధాకరమైన సంగతి. గొంతును అంత శ్రద్ధగా గమనించిన సంప్రదాయంలో తర్వాతి వ్యాఖ్యాతలు చాలాచోట్ల పాత మాటలకు అర్థం రాయడంతో సరిపెట్టుకున్నారు. తమ గొంతును మళ్లీ పరీక్షించుకున్న జాడలు తక్కువ.

తెలుగు మీదుగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మన వ్యాకరణంలో ఈ శ్వాసనాదాల సంగతి వేరే పేర్లతో ఉంది. 1850లలో చిన్నయ సూరి రాసిన బాలవ్యాకరణంలో కచటతపలు పరుషాలు, గజడదబలు సరళాలు. బళ్లో బట్టీపట్టిన సరళాదేశ సంధి గుర్తుందా? ద్రుతం (మాట చివరి నకారం) మీద పరుషం వస్తే సరళమవుతుంది: వచ్చెను + కాకి, వచ్చెను గాకి. కారణం గొంతులోనే ఉంది. నకారం పలికేటప్పుడు మొదలైన జివ్వును ఆపడం గొంతుకు శ్రమ. ఆపకుండా పోనిస్తే క కాస్తా గ అవుతుంది. సంధి సూత్రాన్ని అప్పజెప్పించే మాస్టారు ఒక్కసారి పిల్లల వేళ్లు గొంతుకు ఆనిస్తే చాలు, మార్కుల కోసం కాకుండా ఆ సంధి గుర్తుండిపోతుంది.

ఒత్తుల సంగతి ఇంకా తమాషా. అచ్చతెలుగు మాటల్లో మహాప్రాణాలు దాదాపు లేవు. భయాన్ని బయమని, బాధను బాదని పలికే నోళ్లు మన చుట్టూ కోకొల్లలు. ‘ఒత్తి పలుకు’ అని పిల్లలను గదమాయిస్తాం. పిల్లవాడు బలమంతా పెట్టి పెదవులు బిగించి ‘బ్బ’ అంటాడు. భకారానికి కావలసింది ఒత్తిడి కాదు, గొంతును కాస్త వదులు చేయడం. తైత్తిరీయ ప్రాతిశాఖ్యం చెప్పిన ఆ మధ్యస్థ స్థితిని పిల్లలకు చూపించాలంటే ముందు ‘హ’ను సాగదీయించి, ఆ వదులు పోకముందే పెదవులు కలిపి విడవమనాలి. ‘భ’ దానంతట అదే వస్తుంది. మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ప్రయత్నించి చూడండి.

వచ్చే భాగంలో ఎడిన్‌బరో నుంచి వచ్చిన ఒక తండ్రీకొడుకుల కథ. ప్రపంచంలోని ఏ ధ్వనినైనా కాగితం మీద పెట్టగల లిపిని కనిపెట్టానన్న తండ్రి, సభలో ఎవరో చేసిన రంపపు కోత చప్పుడును ఆ లిపిలో చూసి అది ఏమిటో తెలియకుండానే పలికేసిన కొడుకు. ఆ కొడుకు పేరు అలెగ్జాండర్ గ్రాహం బెల్.

(సశేషం)